ఉతుకుడుకు నిలిచిన బొంతలు: ఒక స్వచ్ఛంద కుట్టు బృందం పనిపై సమీక్ష

నిలకడలేని కూటమినైనా, పొందిక కుదరని రచననైనా ‘అతుకుల బొంత’ అని తీసిపారేయడం మనకు అలవాటు. ఆ మాటను తిట్టుగా వాడేవారిలో సూది పట్టినవారెందరో గాని, అవసరంలో ఉన్నవారి కోసం బొంతలు కుట్టి ఇచ్చే ఒక స్వచ్ఛంద బృందంతో పద్నాలుగు నెలలు గడిపిన తరువాత ఆ మాట నా నోట రావడం మానేసింది. ఈ కాలంలో నేను చూసిన పాత బొంతల్లో ముక్క నడుమ బట్ట నలిగి చిరిగినవి ఉన్నాయి. సరిగ్గా పడిన అతుకు విడిపోయినది మాత్రం ఒక్కటీ కనిపించలేదు.

ఈ బృందాన్ని నేను మూడు వైపుల నుంచి చూశాను. మొదట బట్ట ఇచ్చే దాతగా వెళ్లాను, తరువాత కుట్టడానికి కూర్చున్నాను. ఈ రెండింటికంటే ముందు నుంచే వారానికొక రోజు ఒక ఆశ్రయ గృహంలో పక్కబట్టలు ఉతికే గదిలో సాయం చేస్తున్నందువల్ల, వీరు పంపిన బొంతలు ఆరు నెలలకు, ఏడాదికి ఏ స్థితిలో ఉంటున్నాయో కూడా నా కళ్లతో చూడగలిగాను. ఆ మూడవ చూపే ఈ సమీక్షకు ఆధారం. బల్ల మీద పరిచి ఫొటో తీసే రోజున ప్రతి బొంతా అందంగానే ఉంటుంది కాబట్టి, ఆ రోజు రాసే మెచ్చుకోలుకు విలువ తక్కువ. పదేపదే ఉతికిన తరువాత లోపలి దూది గడ్డలు కట్టిందా, అంచు పీలికలైందా, ఎరుపు పక్కనున్న తెలుపులోకి దిగిందా అన్నవే దాని అసలు లెక్క.

వారానికి రెండు మధ్యాహ్నాలు ఒక పెద్ద హాలులో ఇరవై మంది దాకా కలుస్తారు. అందరూ కుట్టరు. కొందరు కత్తిరిస్తారు, ఇద్దరు ఇస్త్రీపెట్టె దగ్గరే నిలబడతారు, చూపు మందగించిన ఒక పెద్దాయన రంగుల వారీగా ముక్కలను దొంతులు పెడతారు. ఆయన రంగుల ఎంపికను ఎవరూ మార్చరు. మార్చాలని నాకైతే రెండు మూడు సార్లు అనిపించింది. కుట్టు రానివారిని తిప్పి పంపకపోవడం ఈ బృందపు మొదటి గుణం. అయితే కొత్తవారి చేతికి నేరుగా ముక్కలు అతికే పై ముఖం ఇవ్వరు. ముందు అస్తరు గుడ్డను ఇస్త్రీ చేయించి, తరువాత మూడు పొరలనూ కదలకుండా పట్టి ఉంచే కచ్చా కుట్లు వేయించి, చెయ్యి కుదిరాకే ముక్కలు అతికే పనికి కూర్చోబెడతారు. నాకు ఆ మెట్టు ఎక్కడానికి ఏడు వారాలు పట్టింది.

బొంత అంటే మూడు పొరలు: ముక్కలు అతికిన పై ముఖం, నడుమ దూది (నూలుదైనా, ఉన్నిదైనా, పాలిస్టర్‌దైనా), కింద అస్తరు. ఈ మూడింటినీ కలిపి పట్టే కుట్టు లేకపోతే అది బొంత కాదు, దూది నింపిన సంచి. రెండు ఉతుకులకే దూది ఒక మూలకు చేరుతుంది. ఆ కుట్ల మధ్య ఎంత ఎడం ఉండవచ్చన్నది దూది రకాన్ని బట్టి ఉంటుంది. కొన్ని రకాలకు 10 అంగుళాల వరకు ఎడం ఇవ్వవచ్చని తయారీదారులు పొట్లం మీదే ముద్రిస్తారు, మరికొన్నింటికి నాలుగు దాటకూడదంటారు. ఇక్కడ మాత్రం దూది ఏదైనా నాలుగు అంగుళాలే నియమం. పని రెట్టింపవుతుందని మొదట్లో విసుక్కున్నవారిలో నేనూ ఉన్నాను. ఉతికే గదిలో వేరే చోట నుంచి వచ్చిన ఒక బొంతను వెలుతురుకు ఎత్తి పట్టి చూసినప్పుడు, దూది ఉన్న చోట చీకటి మబ్బుల్లాగా, లేని చోట గాజులాగా కనిపించింది. ఆ తరువాత విసుక్కోలేదు.

కొలతల విషయంలోనూ వీరికి పట్టింపు ఎక్కువ. పెద్దల మంచానికి కుట్టే బొంత 60 అంగుళాల వెడల్పు, 80 అంగుళాల పొడవు. సహాయం కోసం బొంతలు సేకరించి పంపే లూథరన్ వరల్డ్ రిలీఫ్ వంటి సంస్థలు అడిగే కొలత కూడా ఇదే కాబట్టి, అవసరమైతే బయటికి పంపడానికీ వీలుంటుంది. ఐదున్నర అంగుళాల చదరాలు కత్తిరించి, నాలుగు వైపులా పావు అంగుళం కుట్టులోకి పోనిస్తే ఒక్కొక్కటి ఐదు అంగుళాలుగా మిగులుతుంది; అంటే వరుసకు 12 చొప్పున 16 వరుసలు, మొత్తం 192 ముక్కలు. ఒక వరుసలో 11 అతుకులు పడతాయి. ప్రతి అతుకు దగ్గరా రెండు ముక్కల్లోనూ ఒక్కొక్క మిల్లీమీటరు ఎక్కువగా లోపలికి పోయిందనుకుంటే, ఆ వరుస చివరికి 22 మిల్లీమీటర్లు, దాదాపు ఒక అంగుళం, కురచ అవుతుంది. పక్క వరుస కుట్టినది వేరొకరైతే, ఆ చెయ్యి ఖచ్చితమైనదైతే, రెండు వరుసలూ కలవవు. చాలామంది కలిసి కుట్టే బొంతల్లో కనిపించే అలల్లాంటి ముడతలకు కారణం సాధారణంగా ఇదే గాని, బట్ట నాసిరకం కావడం కాదు. అందుకే ఇక్కడ ప్రతి మిషను మీద సూది నుంచి పావు అంగుళం దూరంలో ఒక మందపాటి టేపు అంటించి ఉంటుంది. బట్ట అంచు దాన్ని ఆనుకొని నడవాలి. ఖర్చు లేని ఉపాయం, అయినా నేను చూసిన మరో రెండు బృందాల్లో ఇది లేదు.

ఈ బృందానికి నేను ఇచ్చే మార్కుల్లో ఎక్కువ భాగం హాలు చివర ఉన్న పరీక్ష బల్లకే చెందుతాయి. పూర్తయిన ప్రతి బొంతా అక్కడికి వెళ్తుంది. ఇద్దరు అనుభవజ్ఞులు దానికి ఇరువైపులా నిలబడి, ప్రతి అతుకునూ రెండు బొటనవేళ్లతో పక్కకు లాగి చూస్తారు, అంచు పట్టీని చేత్తో తడుముతూ చుట్టూ తిరుగుతారు. 60, 80 అంగుళాల బొంతకు అంచు చుట్టుకొలతే 280 అంగుళాలు, అంటే 23 అడుగులకు పైమాటే. అందులో ఒక్క అంగుళం మేర పట్టీ వెనుక వైపు కుట్టులో పడకపోయినా ఉతికేటప్పుడు అక్కడి నుంచే విప్పుకోవడం మొదలవుతుంది. చివరగా పెద్ద అయస్కాంతాన్ని బొంత మొత్తం మీద జరుపుతారు. మర్చిపోయిన గుండుసూది కుట్టేవారి వేలికి గుచ్చుకుంటే అది చిన్న ప్రమాదం, చికిత్సలో ఉండి రోగనిరోధక శక్తి తగ్గినవారి ఒంటికి గుచ్చుకుంటే అది చిన్నది కాదు. అయస్కాంతం ఒక్కదాని మీదే భరోసా పెట్టుకోకుండా, ఒక్కొక్క బొంతకు ఇన్ని సూదులని డబ్బాలో లెక్కపెట్టి ఇచ్చి, అన్నే తిరిగి తీసుకుంటారు. ఒక సూది తక్కువైన రోజున హాలంతా అరగంట మోకాళ్ల మీద వెతికింది. దొరికింది నా చెప్పు అడుగున.

నేను కుట్టిన మొదటి బొంతను ఆ బల్ల రెండుసార్లు తిప్పి పంపింది. ఒకసారి అస్తరు అతుకు కోసం. నలభై నాలుగు అంగుళాల పన్నా గుడ్డతో 60 అంగుళాల వెడల్పు రావాలంటే అస్తరును ఎక్కడో ఒకచోట అతకక తప్పదు. నేను చక్కగా ఉంటుందని నిట్టనిలువుగా నట్టనడుమ అతికాను. బొంతను ఎవరైనా మడిచేది ఆ నడుమే కాబట్టి, మడత పడిన ప్రతిసారీ అతుకు మీదే ఒత్తిడి పడి బట్ట అక్కడే అరుగుతుందని వివరించి, విప్పి పక్కకు జరిపించారు. రెండోసారి అంచు మూలల్లో పట్టీ మడతను చేత్తో మూసి కుట్టనందుకు. నొచ్చుకోలేదని చెప్పను. అయితే తిప్పి పంపిన తీరులో ఎక్కడా చులకన లేదు. విప్పడానికి నా పక్కన ఒకరు కూర్చున్నారు, ఆ గంటసేపు ఆమె తన బొంత పక్కన పెట్టారు.

బొంత ఎవరికి వెళ్తుందన్నదాన్ని బట్టి దాని తయారీ మారాలన్న సంగతి ఈ బృందానికి తెలుసు; అన్ని సందర్భాల్లో కాకపోయినా ముఖ్యమైన చోట్ల తెలుసు. ఆసుపత్రికి వెళ్లే వాటిలో ఉన్ని దూది వాడరు. ఆసుపత్రి బట్టలను వేడినీటితో ఉతికేటప్పుడు కనీసం 71 డిగ్రీల సెల్సియస్ వేడి, 25 నిమిషాల సమయం ఉండాలని అమెరికా వ్యాధి నియంత్రణ, నివారణ కేంద్రాల మార్గదర్శకాలు చెబుతాయి. ఆ వేడిలో నూలు ఇంకొంచెం కుంచించుకుపోతుంది, ఉన్ని మాత్రం గట్టిపడి అట్టలాగా తయారవుతుంది. అదే కారణంతో బట్టను కత్తిరించకముందే ఒకసారి వేడినీటిలో ఉతికి ఆరబెడతారు. నూలు బట్ట మొదటి ఉతుకులో మూడు నుంచి ఐదు శాతం కుంచించుకోవచ్చు. ఒక ముక్క ముందే కుంచించుకొని పక్కముక్క తరువాత కుంచించుకుంటే ఆ అతుకు దగ్గర బొంత ముడుచుకుపోతుంది. చికిత్సలో ఉన్నవారికి వాసనలు పడవు కాబట్టి సువాసన లేని సబ్బునే వాడతారు, సిగరెట్టు పొగ ఉండే ఇళ్లలో కుట్టిన బొంతలను ఆసుపత్రి సంచిలో వేయరు. మతిమరుపు వ్యాధి ఉన్న వృద్ధుల కోసం చేసే చిన్న ఒడి బొంతలకు జిప్పులు, రిబ్బన్లు, పెద్ద గుండీలు కుడతారు. ఊరికే ఉండలేని వేళ్లకు అవి పని కల్పిస్తాయి. ఆ గుండీలను మిషను మీద కాకుండా చేత్తో, మెలి తిప్పిన నాలుగు పోగుల దారంతో కుట్టి, పరీక్ష బల్ల దగ్గర పటకారుతో లాగి చూస్తారు, ఎందుకంటే ఊడిన గుండీ నోట్లోకి వెళ్లడానికి ఎంతో సేపు పట్టదు.

పసిపిల్లల బొంతల విషయంలో వీరు చూపే జాగ్రత్తను ప్రత్యేకంగా ప్రస్తావించాలి, ఎందుకంటే మంచి మనసున్న చాలామంది తప్పు చేసేది ఇక్కడే. ఏడాది లోపు శిశువు నిద్రపోయే పక్క మీద దిండ్లు, బొంతలు, వదులు దుప్పట్లు ఉండకూడదని, అవి ముఖం మీదికి వచ్చి ఊపిరాడకుండా చేయవచ్చని అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ చెబుతోంది. అయినా శిశువుకు బొంత ఇవ్వాలన్న ఆశ చావదు, దాన్ని చంపాల్సిన పనీ లేదు. నెలలు నిండకుండా పుట్టిన పిల్లలను ఉంచే ఇంక్యుబేటర్ మీద వెలుతురు పడకుండా కప్పడానికీ, మెలకువగా ఉన్న బిడ్డను నేల మీద బోర్లా పడుకోబెట్టి ఆడించడానికీ 36 అంగుళాల చదరపు బొంత ఎంతో పనికొస్తుంది. ఈ బృందం శిశువుల బొంత ప్రతిదానికీ ‘నిద్రలో కప్పడానికి కాదు’ అన్న గుడ్డ చీటీని కాగితం మీద కాకుండా అంచులోనే కలిపి కుడుతుంది. కాగితం పోతుంది, కుట్టిన చీటీ బొంత ఉన్నంత కాలం ఉంటుంది.

ఇక లోపాలు. మొదటిది చిన్నది: ఎవరు ఏ బట్ట తెచ్చినా కాదనరు. పరదా గుడ్డ, సాగే టీషర్టు గుడ్డ, జారిపోయే నైలాన్, ఒకసారి ఏకంగా గొడుగు బట్ట. ఒకే బొంతలో సాగే గుడ్డ పక్కన సాగని గుడ్డ పడితే రెండూ చెడతాయి. పనికిరానివాటిని ఏరి పక్కన పెట్టడానికి నెలకు ఒక మధ్యాహ్నం పూర్తిగా పోతోంది. గట్టిగా నేసిన నూలు బట్ట మాత్రమే, అరచేతి కంటే పెద్ద ముక్కలు మాత్రమే తీసుకుంటామని గుమ్మం దగ్గర ఒక్క పలక పెడితే సరిపోయే పని ఇది. దాతల మనసు నొచ్చుకుంటుందని పెట్టరు.

రెండవది అంత చిన్నది కాదు. తీసుకునేవారిని వీరు అడగరు. ఆశ్రయ గృహం నుంచి ‘పెద్దలకు ఎనిమిది’ అని కబురు వస్తే ఎనిమిది పంపుతారు, అందులో కనీసం రెండింటి మీద ఎలుగుబంటి పిల్లలూ, బెలూన్లూ ఉంటాయి, ఎందుకంటే దాతలు తెచ్చే బట్టలో పిల్లల గుడ్డలే ఎక్కువ. యాభై ఏళ్ల మనిషి ఎలుగుబంట్ల బొంతను తిరగేసి, అస్తరు పైకి వచ్చేటట్టు కప్పుకొని పడుకోవడం నేను చూశాను. ఆయన ఫిర్యాదు చేయలేదు, చేసే స్థితిలో లేనివారి గురించే మనం మాట్లాడుతున్నాం. ఆశ్రయంలో బరువైన నూలు దూది బొంతలు ఆరడానికి పట్టే సమయం కూడా ఇలాంటిదే. ఆరబెట్టే చోటు ఇరుకైన గదుల్లో తడి బొంత రెండు రోజులు వేలాడితే ముక్కిపోయిన వాసన వస్తుంది. తేలికగా ఆరే పాలిస్టర్ దూది అక్కడ నయం. నూలు దూది శ్వాసిస్తుందనీ, పాతబడేకొద్దీ మెత్తబడుతుందనీ, సహజమైనదనీ ఇక్కడ అందరికీ దాని మీద మక్కువ, అందులో అబద్ధం లేదు. అయితే ఆ మక్కువ కుట్టేవారిది, ఆరబెట్టేవారిది కాదు.

మూడవది నన్ను అన్నింటికంటే ఇబ్బంది పెట్టినది. ప్రతి బొంత మడతలో ‘మీకు నచ్చితే మాకు రెండు మాటలు రాయండి’ అన్న కార్డు, చిరునామా రాసిన కవరుతో సహా పెడతారు. మర్యాదగానే ఉంటుంది. తిరిగి వచ్చిన ఉత్తరాలను హాలులో చదివినప్పుడు కళ్లు తడవనివారుండరు, నావి కూడా. కాని ఆ కార్డును ఉతికే గదిలో బొంత మడతల్లో నుంచి, తడిసి ముద్దయి, రాయబడకుండా తీసినప్పుడు దాని అర్థం వేరుగా తోచింది. ఇల్లు కాలిపోయిన మనిషికి చేయవలసిన పనుల జాబితాలో మనం మరొకటి చేర్చాం. కృతజ్ఞత చెప్పే తీరిక, ఓపిక, అక్షరం అందరికీ ఉండవు. నేను ఈ మాట సమావేశంలో అన్నాను. కార్డు తీసేస్తే కొత్త సభ్యులకు ఉత్సాహం ఉండదని జవాబు వచ్చింది. అది నిజమే కావచ్చు, అయినా కార్డు అక్కరలేదన్నది నా అభిప్రాయం.

1987లో అమెరికా రాజధానిలో మొదటిసారి పరిచిన ఎయిడ్స్ స్మారక బొంతలో 1,920 పలకలు ఉన్నాయి, ఒక్కొక్కటి మూడడుగుల వెడల్పు, ఆరడుగుల పొడవు. పోయినవారి పేర్లను లోకం చూడాలని కుట్టిన బొంత అది, దానికి ఉతుకుతో పని లేదు. అలాంటి బొంతకు ఉండే గౌరవమే మనసులో పెట్టుకొని చాలామంది దానపు బొంతను కూడా చూపడానికి కుడుతుంటారు. ఈ బృందం అతుకుల దగ్గర ఆ భ్రమ నుంచి పూర్తిగా బయటపడింది, కార్డు దగ్గర ఇంకా పడలేదు.

సమయం గురించి ఒక మాట. అడిగిన తరువాత బొంత అందడానికి ఆరు నుంచి ఎనిమిది వారాలు పడుతుంది. ప్రమాదం జరిగిన రాత్రికి కావలసినది దుకాణంలో కొన్న దుప్పటి, దాన్ని ఇంకెవరైనా ఇవ్వాలి. బొంత పనికొచ్చేది రెండవ నెలలో, పలకరించేవారు తగ్గిపోయి, కొత్త గదిలో తనదంటూ ఒక్క వస్తువూ లేనప్పుడు. ఆ ఆలస్యాన్ని నేను లోపంగా లెక్కపెట్టడం లేదు.

కుట్టు నేర్చుకోవాలనుకునేవారికి, ముఖ్యంగా తప్పును విప్పి మళ్లీ కుట్టే ఓపిక ఉన్నవారికి, ఈ బృందాన్ని నిస్సంకోచంగా సిఫారసు చేస్తాను. తమకు నచ్చిన నమూనాను తమ ఇష్టం వచ్చినట్టు కుట్టాలనుకునేవారు ఇక్కడ ఇమడలేరు. బొంతలు కావాలని అడిగే సంస్థలు మాత్రం వయసు, ఆరబెట్టే వసతి, ఉతికే పద్ధతి, ఈ మూడింటినీ తామే రాసి పంపడం మేలు. రాసి పంపితే వీరు పాటిస్తారు, నేను చూశాను. తమంతట తాము అడగరు, అంతే.

పోయిన నెల ఉతికే గదిలో ఒక బొంత పాడై కనిపించింది. ఎరుపు చదరం నుంచి రంగు దిగి చుట్టూ ఉన్న తెల్ల ముక్కలు నాలుగూ గులాబీ రంగుకు తిరిగాయి. సమీక్షకు మంచి సాక్ష్యం దొరికిందన్న సంబరం, ఒప్పుకోవాలి, నాకు కొంత కలిగింది. దాన్ని సంచిలో పెట్టుకొని హాలుకు తీసుకెళ్లి పరీక్ష బల్ల మీద పరిచాను. అక్కడ బొంతలు పరీక్షించే ఇద్దరిలో ఒకామె కళ్లద్దాలు సవరించుకొని, మూలనున్న చీటీ మీది వరుస సంఖ్య చూసి, పుస్తకం తెరిచి, బట్ట ఇచ్చినవారి పేర్ల దగ్గర వేలు పెట్టి, ‘ఈ ఎరుపు మీరు తెచ్చినదేనండీ. ముందే ఉతికానని చెప్పారు’ అన్నారు. ఉతికాను, చన్నీళ్లలో. ఇప్పుడు గుమ్మం దగ్గర వేడినీళ్ల గిన్నె, పక్కన ఒక తెల్లగుడ్డ ఉంటున్నాయి. ముదురు రంగు బట్ట ఎవరు తెచ్చినా అందులోంచి చిన్న ముక్క కోసి అరగంట నానబెట్టి, తెల్లగుడ్డ మీద ఒత్తి చూసిన తరువాతే సంచిని లోపలికి తీసుకుంటున్నారు. నా సంచిని అందరికంటే ముందు ఆపుతున్నారు.